లిఫ్టు దాటని బేరాలు

మే నెల వచ్చేసరికి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో సోఫాల ఫోటోలు మొదలవుతాయి. జూన్ రెండో వారంలో స్కూళ్లు తెరిచేలోపు ఇల్లు మారిపోవాలి. ఆ తర్వాత వచ్చేది ఆషాఢం, అప్పుడు మారతామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. దాంతో ఖాళీ చేసేవాళ్లంతా ఒకేసారి ఖాళీ చేస్తారు, అమ్మేవాళ్లంతా ఒకేసారి అమ్మకానికి పెడతారు. డైనింగ్ టేబుల్, ఇస్త్రీ బల్ల, పిల్లాడి సైకిలు, ఒక్క చలికాలం వాడిన గీజరు. శ్రావణం రాగానే ఇవే వస్తువులు షాపులో కొత్తవి కొనేవాళ్లు కూడా అదే గ్రూపులో ఉంటారు. కాకపోతే అప్పటిదాకా సామాను పెట్టుకునే చోటు ఎవరికీ ఉండదు. అందుకే మే నెలాఖరుకు మంచి టేకు మంచం కూడా మంచినీళ్ల ధరకు పోతుంది.

చూడ్డానికి ఇదంతా ఒకటే పనిలా కనిపిస్తుంది: ఇంట్లో అక్కర్లేనిది పక్కవాళ్లకు పనికొస్తే ఇచ్చెయ్యడం. కానీ ఇందులో మూడు పనులున్నాయి. అమ్మడం ఒకటి, ఊరికే ఇచ్చెయ్యడం ఒకటి, వాడుకుని తిరిగిస్తారని అరువివ్వడం ఇంకొకటి. ఒక్కోదాని లెక్క వేరు, మర్యాద వేరు. ఇరుగుపొరుగు మధ్య మాట తేడాలు వచ్చేది ఎక్కువగా ఈ మూడూ కలగాపులగమైన చోటే. "ఎంతో కొంత ఇవ్వండి" అని ఇచ్చిన కూలర్ సంగతే తీసుకోండి. తీసుకున్నావిడ ఐదొందలు పంపితే ఇచ్చినావిడకు మనసులో చిన్నబోతుంది, పదిహేను వందలు పంపితే తీసుకున్నావిడకు మోసపోయాననిపిస్తుంది. ధర చెప్పడానికి మొహమాటపడితే ఆ వస్తువును ఊరికే ఇచ్చెయ్యడం మేలు.

ముందు అమ్మకం సంగతి. ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్‌ను ఐదు వేలకు పెట్టారనుకుందాం. టేబుల్ ఉప్పల్‌లో ఉంది, కొనేవాళ్లు కూకట్‌పల్లిలో ఉన్నారు. ట్రాలీ ఆటో కిరాయి, దించడానికీ ఎక్కించడానికీ ఇద్దరు మనుషులు, కాళ్లు విప్పి మళ్లీ బిగించడానికి కార్పెంటరు. ఇవన్నీ కలిపి రెండున్నర వేలయ్యాయంటే కొనేవాళ్లకు అది ఏడున్నర వేల టేబుల్ అయింది. ఆ రెండున్నర వేలలో ఒక్క పైసా అమ్మినవాళ్లకు చేరదు. అదే టేబుల్ నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు దిగాలంటే వాచ్‌మన్‌కూ ఇంకో మనిషికీ తలా రెండొందలు ఇస్తే సరిపోతుంది. వస్తువు పాతబడేకొద్దీ ధర తగ్గుతుందని అందరికీ తెలుసు. దూరం పెరిగేకొద్దీ అంతకంటే వేగంగా తగ్గుతుందని మాత్రం ఊరంతటికీ ప్రకటన పెట్టి, పాతిక ఫోన్లు ఎత్తి, "లాస్ట్ ప్రైస్ ఎంత సార్" అనే ప్రశ్నకు పాతికసార్లు జవాబు చెప్పాకే తెలిసొస్తుంది.

కొనేవాళ్లకు తెలియనిది

ఇందులో రెండో లెక్క నమ్మకానిది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల మార్కెట్ మీద ఒక చిన్న వ్యాసం రాశారు. 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ అందుకోవడానికి ఆ వ్యాసం ముఖ్య కారణం. ఆయన వాదన ఇది: బండిలో లోపం ఏమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు ఎందుకైనా మంచిదని తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో తుక్కు బళ్లే మిగులుతాయి.

పాత ఫ్రిజ్‌కూ ఇదే వర్తిస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కొంటే కంప్రెసర్ ఎన్నాళ్లు నడుస్తుందో దేవుడికెరుక. అదే పై ఫ్లోర్ వాళ్ల ఫ్రిజ్ అయితే అది ఏ దసరాకు వచ్చిందో, కిందటేడు మెకానిక్ ఎన్నిసార్లు వచ్చిపోయాడో వాచ్‌మన్‌ను అడిగితే చాలు, చెప్పేస్తాడు. పైగా చెడిపోయిన వస్తువు అంటగట్టిన మనిషి రేపు పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే మనకు ఎదురుపడక తప్పదు. వారంటీ కార్డు చెయ్యలేని పని ఆ లిఫ్టు చేస్తుంది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ఎదురుపడతామన్న భయమే బేరాన్ని ఆడనివ్వదు. లోపం కనిపించినా అడగడానికి నోరు రాదు, ధర ఎక్కువనిపించినా "ఆలోచించి చెప్తాం" అని తప్పించుకు తిరగాల్సి వస్తుంది. నన్నడిగితే లోపం చెప్పే బాధ్యత అమ్మేవాళ్ల మీదే పెట్టాలి. "కింది అర తలుపు సరిగ్గా పడదు, గ్యాస్కెట్ మార్చాలి" అని ఫోటో కిందే రాసేస్తే మొహమాటానికి చోటుండదు, బేరమూ తొందరగా తెగుతుంది.

అపరిచితులతో బేరంలో అసలు ప్రమాదం ఫ్రిజ్‌తో రాదు, ఫోన్‌తో వస్తుంది. ఆర్మీలోనో సీఐఎస్ఎఫ్‌లోనో పనిచేస్తున్నాననీ, ఈ ఊరికి బదిలీ అయిందనీ ఒకడు ఫోన్ చేస్తాడు. వస్తువు చూడడు, ధర తగ్గించమనడు. అనుమానించాల్సింది అక్కడే, పాత సామాను బేరమాడకుండా కొనేవాడు మన దేశంలో ఇంకా పుట్టలేదు. డబ్బు పంపుతున్నానంటూ ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. పిన్ కొడితే మన ఖాతాలోంచి డబ్బు పోతుంది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. డబ్బు పంపమని అభ్యర్థన పంపి మోసం చేసే పద్ధతి కూడా ఎక్కువ కావడంతో, వ్యక్తుల మధ్య అలాంటి అభ్యర్థనలను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. క్యూఆర్ మోసం మాత్రం ఆగలేదు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

ధర దగ్గర ఒక చిక్కు అందరిలోనూ ఉంటుంది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగంలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో కొందరికి కాఫీ కప్పులు ఇచ్చి, కప్పు లేనివాళ్లకు అమ్ముకోమన్నారు. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు. అయినా అమ్మేవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు ఉంది. కాసేపు చేతిలో ఉన్న కప్పు మీదే అంత మమకారం ఉంటే, పిల్లాడు మొదటి అడుగులు పట్టుకుని వేసిన టీపాయ్ మీద ఎంత ఉండాలి? అమ్మేవాళ్లు చెప్పే ధరలో సగం వస్తువుకు, సగం జ్ఞాపకాలకు. కొనేవాళ్లు జ్ఞాపకాలకు డబ్బు ఇవ్వరు.

అలాగని అన్ని వస్తువులూ ఒకే తీరున పాతబడవు. టేకు మంచానికి పాలిష్ పట్టిస్తే ఇంకో ఇరవై ఏళ్లు గడుస్తుంది, బీటలో చెదలు లేకపోతే చాలు. ఇనప బీరువా కూడా అంతే, తాళం పనిచేస్తుందా, రెండో తాళంచెవి ఉందా అన్నవి చూసుకుంటే సరి. ఆన్‌లైన్‌లో పెట్టెల్లో వచ్చే పార్టికల్ బోర్డు వార్డ్‌రోబుల సంగతి వేరు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక అది. మొదటిసారి బిగించినప్పుడు స్క్రూ గట్టిగా పడుతుంది. విప్పి మళ్లీ అదే రంధ్రంలో తిప్పితే పొట్టు రాలుతుంది, మరలు పట్టవు, నిలువు పలక ఒక పక్కకు ఒరుగుతుంది. ఒకసారి ఇల్లు మారితే సగం ప్రాణం పోతుంది, రెండోసారికి ఉండదు. దాన్ని విప్పకుండా, ఉన్నదున్నట్టు అదే ఫ్లోర్‌లో పక్క ఫ్లాటుకు జరిపే వీలుంటే మాత్రం నిక్షేపంగా పనికొస్తుంది. దూరం లెక్క ఇక్కడ కూడా వచ్చింది చూశారా.

యంత్రాల దగ్గర మోసం కంటే మోతలో జరిగే నష్టమే ఎక్కువ. ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పోతుంది, తెచ్చి నిలబెట్టిన వెంటనే స్విచ్ వెయ్యకూడదు, కొన్ని గంటలు ఆగాలి. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు వెనకవైపు డ్రమ్ము కదలకుండా బిగించే ట్రాన్సిట్ బోల్టులు వస్తాయి. కొన్నరోజు తీసి ఎక్కడో పెట్టేస్తాం, అమ్మేరోజు కనబడవు. అవి లేకుండా ట్రాలీలో ఎక్కిస్తే గతుకుల రోడ్డు మీద డ్రమ్ము ఊగి సస్పెన్షన్ దెబ్బతింటుంది. ఏసీ అయితే గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసి విప్పించాలి. విప్పినందుకు, బిగించినందుకు, కొత్త రాగి పైపుకు, అవసరమైతే గ్యాస్‌కు ఇచ్చేదంతా లెక్కేసుకున్నాకే పాత ఏసీ చవకో కాదో తేలుతుంది. చాలాసార్లు చవక కాదు.

పాత సామాను మారకం మనకు కొత్తదేమీ కాదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుని చీర జరీ వేలితో నలిపి చూసి, "దీనికి చిన్న టిఫినే వస్తుందమ్మా" అని తేల్చేవారు. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు తూకానికేసి తళతళలాడే స్టీలు తెచ్చుకున్నారు. ఇప్పుడు మనవరాళ్లు అవే బిందెలు షోరూముల్లో వేలకు వేలు పోసి కొంటున్నారు. హైదరాబాద్‌లో గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత, కోఠి, అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మైకులో "పాత ఇనుము, ప్లాస్టిక్, పేపర్ కొంటాం" అంటూ వీధుల్లో తిరిగే బండి సరేసరి. వీటికీ అపార్ట్‌మెంట్ బేరానికీ తేడా ఒక్కటే. అక్కడ వస్తువుకు తూకమో బజారు రేటో ఉంటుంది. ఇక్కడ ఇద్దరు పొరుగువాళ్లు మొహాలు చూసుకుంటూ ధర కట్టాలి.

ఇంటి సామాను అమ్ముకుంటే పన్ను కట్టాలా అని కొందరికి అనుమానం. వ్యాపారంగా చెయ్యకుండా సొంత వాడకపు వస్తువు అమ్ముకుంటే జీఎస్టీ లేదు. ఆదాయపు పన్ను చట్టం కూడా సొంతానికి వాడుకునే మంచాలు, బట్టలు, ఫ్రిజ్‌లను మూలధన ఆస్తి కింద లెక్కించదు. నగలు, పెయింటింగులు, శిల్పాలు లాంటివి మాత్రం ఆ మినహాయింపులోకి రావు. గ్యాస్ సిలిండర్ అసలు మనది కాదు, ఆయిల్ కంపెనీది. దాన్ని అమ్మకూడదు, డీలరుకు అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. పాత స్టవ్ కొన్నా, ఊరికే తీసుకున్నా దానితో వచ్చిన రబ్బరు గొట్టం మాత్రం పారేసి కొత్తది వేసుకోండి. ఐదేళ్లు దాటిన గొట్టం సొంత ఇంట్లోదైనా మార్చాల్సిందే.

పాత ఫోన్ అమ్మేవాళ్లు రీసెట్ చేసేముందు గూగుల్ ఖాతా తీసెయ్యాలి. లేకపోతే కొన్నవాళ్లు ఆన్ చెయ్యగానే పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, పాపం రాత్రి పదింటికి మీ కాలింగ్ బెల్ కొడతారు. కొనేవాళ్లు స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి ఫోన్‌ను గుర్తుపట్టే పదిహేనంకెల ఐఎంఈఐ నంబరు చూసుకుని, కేవైఎం అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల తర్వాత ఖాళీ వదిలి ఆ నంబరు చేర్చి 14422కి ఎస్ఎంఎస్ పంపితే, అది బ్లాక్ అయిన ఫోనా కాదా తెలుస్తుంది. దొంగ సొత్తని తెలిసీ తీసుకోవడం నేరం. ధర మరీ తక్కువగా ఉంటే "నాకు తెలియదు" అన్న మాట పోలీసులు నమ్మడం కష్టం.

ఇవ్వడంలో ఉన్న తకరారు

ఊరికే ఇవ్వడం అన్నిటికంటే తేలిక అనుకుంటాం. ఎవరికి ఇస్తున్నామన్నది తేలేదాకా అంతే.

పసిపిల్లల బట్టల దగ్గర మనవాళ్లకు ఏ పట్టింపూ లేదు. పుట్టిన బిడ్డకు మొదట తొడిగేవి చుట్టాల పిల్లలు వాడి మెత్తబడ్డ నూలు బట్టలే, కొత్తవి తర్వాత. ఉయ్యాల అయితే పిన్నమ్మ ఇంటి నుంచి మేనత్త ఇంటికి ఎన్ని ఊళ్లు తిరుగుతుందో. కుటుంబంలో ఉన్న ఈ అలవాటును గోడ అవతలికి జరపడమే ఇప్పుడు అపార్ట్‌మెంట్లు చేస్తున్న పని. పెద్దవాళ్లకు ఇతర పట్టింపులుంటాయి. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోరు, శుక్రవారం చేతిలోంచి వస్తువు బయటికి పోనివ్వరు. వారాంతపు సంత పెట్టే అసోసియేషన్ వాళ్లు దీన్ని నవ్వి కొట్టిపారెయ్యకుండా ఆదివారానికి పెట్టుకుంటే ఒక గొడవ వదులుతుంది.

అసలు తకరారు పనిమనిషికి ఇచ్చేటప్పుడు వస్తుంది. గ్రూపులో రెండుసార్లు పెట్టినా పోని వస్తువు చివరికి ఆమెకే వెళ్తుంది. స్ప్రింగు బయటికొచ్చిన సోఫా, మూత పట్టని మిక్సీ, నల్లులు పట్టిన పరుపు. వద్దనడానికి ఆమెకు వీలుండదు, వద్దంటే అమ్మగారు ఏమనుకుంటారో. ఆటోకు మూడొందలు పెట్టి బస్తీలోని ఒంటి గదికి తీసుకెళ్లి, అక్కడ పట్టక, మళ్లీ తుక్కువాడికి వేస్తుంది. మన చెత్త తీసే ఖర్చు ఆమె భరించిందన్నమాట. దీన్నే దసరా మామూలు కింద జమకట్టే ఇళ్లు కూడా ఉన్నాయి, అది మరీ అన్యాయం. పనిచేసే వస్తువైతే, "కావాలా, వద్దా" అని నిజంగా వద్దనే వీలిచ్చి అడిగి, ఆటో కిరాయి మనమే ఇస్తే అప్పుడు అది ఇవ్వడం అవుతుంది. వాచ్‌మన్ల కుటుంబాలు ఇలా వచ్చిన ఫ్రిజ్‌లను, కుర్చీలను పోగుచేసి, ఊరెళ్లే లారీ దొరికినప్పుడు పాలమూరుకో శ్రీకాకుళానికో పంపుకోవడం నగరంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని పెద్ద రవాణా.

పరాయి దేశాల్లో దీనికి కట్టుదిట్టమైన పద్ధతులు పెట్టుకున్నారు. అమెరికాలోని టూసాన్‌లో 2003లో ఫ్రీసైకిల్ అనే గుంపు మొదలైంది. అక్కడ పెట్టే ప్రతి వస్తువూ ఊరికే ఇవ్వాల్సిందే. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఇద్దరు మహిళలు మొదలుపెట్టిన బై నథింగ్ ఇంకో అడుగు ముందుకేసింది: అమ్మకం లేదు, మారకం లేదు, మొదట్లో అయితే ఎవరు ఏ పేటలో ఉంటే ఆ పేట గుంపులోనే ఉండాలనేవారు. ఆ ఇరుకే దాని బలం. అక్కడి మన తెలుగు విద్యార్థుల కథ చూస్తే దూరం లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చదువు ముగించుకుని వేరే రాష్ట్రానికి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు మంచం, బల్ల, రైస్ కుక్కర్ వెంట తీసుకెళ్లడం కంటే వదిలెయ్యడం చవక. వాళ్లు ఖాళీ చేసేది మేలో, కొత్త బ్యాచ్ దిగేది ఆగస్టులో. ఆ మూడు నెలలు సామాను గ్యారేజీలో పెట్టుకునే తెలుగు కుటుంబం ఒక్కటి దగ్గర్లో ఉంటే, పరుపు మీద పెట్టే ఖర్చు కొత్త విద్యార్థికి తప్పుతుంది.

మన దగ్గర 2023 మే 20న కేంద్ర పట్టణ మంత్రిత్వ శాఖ 'మేరీ లైఫ్, మేరా స్వచ్ఛ్ షెహర్' పేరుతో దేశమంతా ఆర్ఆర్ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్: తగ్గించు, మళ్లీ వాడు, రీసైకిల్ చెయ్యి) కేంద్రాలు తెరిపించింది. పాత బట్టలు, పుస్తకాలు, చెప్పులు, బొమ్మలు ఇచ్చిపోవచ్చు, కావాల్సినవాళ్లు తీసుకోవచ్చు. ఇలాంటి చోట్లకు వచ్చేవాటిలో బట్టలే ఎక్కువ, పోనివీ అవే. ఉతికి, మడతపెట్టి, గుండీలు చూసి ఇచ్చిన బట్ట ఎవరో ఒకరు తీసుకుంటారు. మూట కట్టి విసిరేసిన బట్టల్లోంచి ఏరుకోవాల్సి వస్తే ఎవరూ దగ్గరికి రారు. ఇక ఎవరికీ పనికిరాని ట్యూబు టీవీ, చచ్చిన ఇన్వర్టర్ బ్యాటరీ లాంటివి దానం వస్తువులు కావు. ఆ టీవీ గాజులో, ఆ బ్యాటరీలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత టీవీల్లాంటివి రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీదార్ల మీద ఉంది, బ్యాటరీలకు వేరే నిబంధనలున్నాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది షాపులోనే ఇచ్చి ధర తగ్గించుకోవడం అన్నిటికంటే తేలిక. భోగి మంటల్లో మాత్రం వెయ్యొద్దు, ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా వెయ్యొద్దు. పాత చెక్క వేసే మంటలో అవి వేస్తే వీధి వీధంతా పీల్చాల్సింది ఆ పొగే.

అరువు

అమ్మి చేతులు దులుపుకోవచ్చు, ఇచ్చి మర్చిపోవచ్చు. అరువులో మాత్రం వస్తువు తిరిగి రావాలి. పాత స్టీలు గిన్నెల అంచున చుక్కల అక్షరాలతో చెక్కిన పేర్లు చూసే ఉంటారు. పెళ్లికో పేరంటానికో ఇచ్చిన గిన్నె నలుగురి గిన్నెల్లో కలిసిపోకుండా చేసుకున్న ఏర్పాటు అది. ఊళ్లో గుండిగలు, గంగాళాలు, జంబుఖానాలు గుడి పేరునో సంఘం పేరునో ఉండి, ఒకరి దగ్గర తాళంచెవి, ఒక పుస్తకంలో లెక్క ఉండేవి.

అపార్ట్‌మెంటులో ఎవరికివారు కొనుక్కుని ఏడాదికి ఒకసారి వాడే నిచ్చెన, డ్రిల్లింగ్ మెషీన్, ముప్పై ఇడ్లీల కుక్కర్, మడత మంచాలు సరిగ్గా ఈ కోవలోవే. అసోసియేషన్ డబ్బుతో ఒకటి కొంటే యాభై ఇళ్లకు సరిపోతుంది. సాగని చోట్ల చూస్తే వస్తువు "అందరిదీ" అయి ఉంటుంది, అడగడానికి ఒక మనిషి ఉండడు. డ్రిల్ బిట్ విరిగితే ఎవరూ చెప్పరు, తర్వాత తీసుకెళ్లినవాళ్లు తిట్టుకుంటారు, ఆర్నెల్లకు అది సెల్లారులో మూలన పడుతుంది. సాగే చోట్ల సెక్యూరిటీ టేబుల్ మీద ఒక రిజిస్టర్ ఉంటుంది: ఫ్లాటు నంబరు, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, సంతకం. నిచ్చెన దగ్గర గొడవ తక్కువ, ఎందుకంటే అది పాడవదు. డ్రిల్లు దగ్గర బిట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని పెట్టుకుంటే సగం పేచీ తీరిపోతుంది.

అరువుకు అన్నిటికంటే బాగా అమరేవి రోగుల సామాన్లు. వాకర్, వీల్ చైర్, కమోడ్ కుర్చీ, తల వైపు ఎత్తే హాస్పిటల్ మంచం. తుంటి విరిగిన పెద్దాయనకు వాకర్ కొన్నాళ్లే అవసరం, ఆ తర్వాత అటకెక్కుతుంది. ఆయన పోయిన ఇంట్లో అయితే ఆ మంచం కళ్లముందు ఉండకూడదనుకుంటారు, అమ్మకానికి పెట్టడానికి మనసొప్పదు, పోయినవాళ్ల మంచం కొనడానికి ఎదుటివాళ్లూ వెనకాడతారు. అదే మంచం అసోసియేషన్ గదిలో అందరి సామానుగా ఉంటే, ఎవరి ఇంట్లోంచి వచ్చిందో అడిగే పని ఉండదు. కొంత డిపాజిట్ తీసుకుని ఇచ్చి, తిరిగి తెచ్చినప్పుడు ఇచ్చెయ్యడం మంచి పద్ధతి. తెచ్చేముందు డెట్టాల్ నీళ్లతో తుడిచి ఇవ్వాలని, వీల్ చైర్ బ్రేకులు చూసి తీసుకోవాలని, మంచం మోటారు చెడితే అసోసియేషనే బాగుచేయించాలని రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసుకోవాలి. అవసరం పడ్డ రోజున అవి మాట్లాడుకునే స్థితిలో ఆ ఇంట్లోవాళ్లు ఉండరు.